వార్తకంటె ముందే వచ్చిన వైరస్

2021వ సంవత్సరము నవంబరు 21వ తేదీ, ఆదివారమునాడు, న్యూయార్కు నగరపు మురుగునీటినుండి ఒక నమూనాను అలవాటు చొప్పున సేకరించి భద్రపరచిరి. ఆ నీటిలో ఏమున్నదో ఆనాడు ఎవ్వరికిని తెలియదు. తెలియుటకు అవకాశమును లేదు, ఏలయన అందు దాగియున్న వైరస్ రూపమునకు అప్పటికి పేరే లేదు. మరి మూడు దినములకుగాని దక్షిణాఫ్రికా శాస్త్రజ్ఞులు ఆ రూపమును గూర్చి ప్రపంచ ఆరోగ్య సంస్థకు తెలుపలేదు. ఐదు దినములకుగాని ఆ సంస్థ దానికి ఒమిక్రాన్ అను గ్రీకు అక్షరమును పేరుగా పెట్టలేదు. పది దినములకుగాని అమెరికా ప్రభుత్వము తన దేశమున తొలి రోగి కనబడినట్లు ప్రకటింపలేదు. పిమ్మట ఆ భద్రపరచిన నమూనాలను తిరిగి పరీక్షించినప్పుడు, ఒమిక్రానునకు ప్రత్యేకములైన మార్పుల జాడలు ఆ 21వ తేదీనాటి నీటిలోనే బయటపడెను. ఈ పది దినములలో జరిగినదానిని, అటుతరువాత రెండు నెలలలో అమెరికా అనుభవించినదానిని శ్రద్ధగా పరిశీలించినచో, వైరసునకు కొత్త రూపము పుట్టుట ఎట్లో, అది అంత త్వరితముగా వ్యాపించుట ఎట్లో, దానిని కనిపెట్టుటలో మానవ ప్రయత్నము ఎక్కడ ఫలించి ఎక్కడ వెనుకబడెనో విశదమగును.

కరోనా వైరస్ తనంత తాను వృద్ధిపొందజాలదు. మన దేహమునందలి కణములో ప్రవేశించి, ఆ కణపు వనరులను వాడుకొని, తన ప్రతులను తయారుచేసికొనును. దాని జన్యు సందేశము సుమారు 30,000 అక్షరముల నిడివి గలది. తాళపత్ర గ్రంథములను చూచి వ్రాసిన మన లేఖకులు ఎంత శ్రద్ధగలవారైనను ఒకచోట కొమ్మునో మరియొకచోట గుడినో జారవిడచుచు, ఆ తప్పు ఆ ప్రతిని చూచి వ్రాసిన ప్రతులన్నింటికిని పాఠాంతరముగా సంక్రమించుచు వచ్చినట్లే, ఈ ప్రతులలోను తప్పులు దొర్లుచుండును. కరోనా జాతి వైరసులకు తప్పులను దిద్దుకొను ఎంజైము ఒకటి కలదు గనుక ఇన్‌ఫ్లూయెంజా వైరసుకంటె ఇవి మెల్లగా మారునని శాస్త్రజ్ఞులు తొలుత కొంత ధైర్యపడిరి. ఐనను, కోట్లకొలది మనుష్యుల దేహములలో, ఒక్కొక్క దేహమున లెక్కకు మిక్కిలిగా ప్రతులు పుట్టుచున్నప్పుడు, దిద్దబడని తప్పులకు కొదువ యుండదు. వానిలో అధిక భాగము నిష్ప్రయోజనములు, కొన్ని వైరసునకే హానికరములు. ఎప్పుడో ఒకటి రెండు మాత్రము దానికి లాభించును. లాభించిన రూపము ఇతర రూపములకంటె ఎక్కువమందికి సోకి, కొన్ని వారములలో వానిని తోసివేసి తానే నిలుచును. ఇందు వైరసునకు బుద్ధిగాని పన్నాగముగాని ఉన్నదని తలపనక్కర లేదు.

ఒమిక్రాన్ మాత్రము ఒకటి రెండు మార్పులతో వచ్చినది కాదు. మొత్తము మీద సుమారు 50 మార్పులు, అందు మన కణములకు అంటుకొనుటకు వైరస్ ఉపయోగించు స్పైక్ ప్రొటీన్ మీదనే 30కి పైగా మార్పులు దానియందు కనబడెను. అప్పటికి లోకమంతట వ్యాపించియున్న డెల్టా రూపమునకు ఇది సంతానము కాదు; ఏడాదికి పైగా ఎవరి కంటను పడక వేరుగా పెరిగిన శాఖ. రోగనిరోధక శక్తి క్షీణించిన యొక రోగి దేహమున నెలల తరబడి నిలిచి ఇన్ని మార్పులను కూడబెట్టుకొనెనా, మనుష్యులనుండి జంతువులకు ప్రాకి మరల మనుష్యులకు వచ్చెనా, పరీక్షలు సరిగా జరుగని ప్రాంతములలో చాటుగా పెరిగెనా యను వాదము నేటికిని తెగలేదు. మొదటి ఊహనే ఎక్కువమంది విశ్వసించుచున్నారు.

ఆ స్పైక్ ప్రొటీన్ మీది మార్పులలో ఒకదానిని తెలుగువారు అంతకుముందే ఎరుగుదురు. 2021 వేసవిలో, రెండవ అల మన ఊళ్లను కుదిపివేయుచున్న దినములలో, ఏపీ స్ట్రెయిన్ అను పేరు టీవీ చానెళ్లలో మారుమ్రోగెను. కర్నూలు పేరు దానికి తోడాయెను. ఢిల్లీలో మన రెండు రాష్ట్రముల ప్రయాణికులకు ప్రత్యేకముగా క్వారంటైన్ విధించిరి. ఆ భయమునకు మూలమైన మార్పు పేరు ఎన్440కే. హైదరాబాదులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థయగు సీసీఎంబీ శాస్త్రజ్ఞులు ఆ రూపము అప్పటికే తగ్గుముఖము పట్టినదనియు, అధిక వ్యాప్తికి కారణము వేరొక రూపమనియు ఓపికగా చెప్పుచునే యుండిరి. వారి మాటయే నిజమయ్యెను. ఒంటరిగా నున్నప్పుడు డెల్టా ముందు నిలువజాలని ఆ ఎన్440కే మార్పే, ఆరు నెలల పిమ్మట మరి పదునాలుగింటితో జతకూడి, మన కణమునకు అతుకుకొను భాగమందు ఒమిక్రానునకు అమరెను. ఒక మార్పు ప్రమాదకరమో కాదో దానినొక్కదానినే చూచి నిర్ణయించుట ఎంత కష్టమో ఇందువలన తెలియుచున్నది. రోగమునకు ఒక ఊరి పేరు తగిలించుటవలన ఆ ఊరివారు అవమానపడుటయే గాని, ఎవరికిని ఒక్క ప్రాణము దక్కిన దాఖలా లేదు.

దక్షిణాఫ్రికాలో ఒమిక్రాన్ బయటపడిన తీరు చెప్పదగినది. అక్కడి కొన్ని లేబొరేటరీలు వాడుచుండిన పీసీఆర్ పరీక్ష వైరస్ యొక్క మూడు జన్యుభాగములను వెదకును. నవంబరు మాసమున గౌటెంగ్ రాష్ట్రపు నమూనాలలో రెండు భాగములు స్పష్టముగా కనబడుచు, స్పైక్ ప్రొటీనునకు సంబంధించిన మూడవది మాత్రము కనబడకుండుట మొదలిడెను. అట్టి నమూనా ఒకటి వచ్చినచో పరీక్షలో లోపమనుకొని ఎవరైనను పక్కన పెట్టుదురు. అక్కడివారు పక్కన పెట్టలేదు; ఆ నమూనాలు పెరుగుచుండుట గమనించి, వాని జన్యుక్రమమును చదువుటకు పంపిరి. పొరుగుననున్న బోట్స్వానాలోను ఇదే రూపము కనబడెను. నవంబరు 24న సమాచారము ప్రపంచ ఆరోగ్య సంస్థకు చేరెను. 25న తూలియో డి ఒలివేరా మొదలగు శాస్త్రజ్ఞులు విలేకరుల యెదుట ఆ సంగతిని దాపరికము లేక వెల్లడించిరి. 26న ఒమిక్రాన్ అను నామకరణము జరిగెను.

ఆ 26వ తేదీననే అమెరికా అధ్యక్షుడు జో బైడెన్ దక్షిణాఫ్రికాతో కూడ ఎనిమిది ఆఫ్రికా దేశములనుండి వచ్చు విదేశీయుల రాకపై నిషేధము ప్రకటించెను. 29నుండి అది అమలులోనికి వచ్చెను. వైద్యులకు సన్నద్ధమగుటకు కొంత వ్యవధి దొరకునని ప్రభుత్వమువారి సమాధానము. కాని అదివరకే న్యూయార్కు కాలువలలో ఆ రూపము ప్రవహించుచుండెను. ఐరోపాలో దేశము వెంట దేశమున అది బయటపడుచుండెను. నిషేధము మాత్రము దానిని మొదట కనిపెట్టి చెప్పినవారిపైననే పడెను. డిసెంబరు 31న దానిని ఎత్తివేసిరి, అప్పటికి అమెరికాలో దినమునకు లక్షలాది కేసులు నమోదగుచుండెను. నిజము చెప్పినవానికి లోకము ఇట్టి ప్రతిఫలమిచ్చినచో, రేపు మరియొక దేశపు శాస్త్రజ్ఞుడు ఇట్టి నమూనాను చూచినప్పుడు, ఆ దేశపు మంత్రి అతనిని పెదవి విప్పనిచ్చునా అని నాకు భయము కలుగుచున్నది.

డిసెంబరు 1న అమెరికాలోని తొలి కేసు ప్రకటింపబడెను. నవంబరు 22న దక్షిణాఫ్రికానుండి సాన్‌ఫ్రాన్సిస్కోకు తిరిగివచ్చిన ప్రయాణికు డొకరు, టీకాలు పూర్తిగా వేయించుకొనియు స్వల్ప లక్షణములతో పరీక్షకు పోగా, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు సాన్‌ఫ్రాన్సిస్కో శాఖలోని చార్లెస్ చియూ లేబొరేటరీవారు రాత్రికి రాత్రి జన్యుక్రమమును చదివి నిర్ధారించిరి. మరునాడే మిన్నెసోటా రాష్ట్రమున రెండవ కేసు. ఈ రోగి విదేశములకు పోలేదు. నవంబరు 19 మొదలు 21 వరకు న్యూయార్కు జావిట్స్ భవనమున జరిగిన ఆనిమే సమ్మేళనమునకు పోయివచ్చెను. జపాను దేశపు బొమ్మల కథల అభిమానులు సుమారు 53,000 మంది ఆ మూడు దినములు అక్కడ గుమిగూడిరి. దేశమంతయు ఉలికిపడి, ఇది పెద్ద ఉప్పెనకు మూలమగునని తలంచెను. తీరా విచారింపగా, ఆ మిన్నెసోటా రోగితో కలిసి తిరిగిన మిత్రబృందమున పలువురికి సోకినదే గాని, సమ్మేళనమునందు విస్తృతముగా ప్రబలిన జాడ కనబడలేదు. ఆ భవనమునందు గాలిని వడకట్టు ఏర్పాటు బలముగా నుండెను; మాస్కు, టీకా తప్పనిసరి చేసియుండిరి. ఒకే నగరమున, ఒకే వారమున, ఈ జాగ్రత్తలున్నచోట వైరస్ నెమ్మదించుటయు లేనిచోట విజృంభించుటయు సంభవించెను. ఆ విచారణ ఫలితము వచ్చునప్పటికి ఫిబ్రవరి యాయెను. దానిని పట్టించుకొన్న పత్రికలు బహుకొద్ది.

ఇక వేగమునకు వత్తము. ఒక రూపము మూడు దినములకొకసారి రెట్టింపగుచున్నదనుకొందము. నేడు ఒక్కడు, మూడవనాటికి ఇద్దరు, ఆరవనాటికి నలుగురు. పది రోజులు గడచినను పదిమంది దాటరు, ఎవ్వరును గమనింపరు. నెల నిండునప్పటికి 1,024. రెండవ నెల నిండునప్పటికి పది లక్షలకు పైమాట. మొదటి నెలలో మనుష్యులు దీనిని లెక్కచేయకుండుట స్వభావము. రెండవ నెలలో చేయుటకు ఏమియు మిగులదు. ఒమిక్రాన్ పలుచోట్ల రెండు మూడు దినములలోనే రెట్టింపాయెను. ఇందుకు కారణములు పెక్కు. దాని స్పైక్ ప్రొటీన్ అంతగా మారియుండుటచేత, టీకాలవలనను పూర్వపు జబ్బువలనను మన దేహమున తయారైన యాంటీబాడీలు దానిని సరిగా గుర్తింపజాలకపోయెను. కావున డెల్టాకు దొరకనివారు సైతము దీనికి దొరకిరి. ఒకరికి సోకి మరియొకరికి సోకుటకు నడుమ వ్యవధి సుమారు మూడు దినములకు తగ్గెను. హాంకాంగు విశ్వవిద్యాలయపు పరిశోధకులు చూపినట్లు, ఒమిక్రాన్ శ్వాసనాళపు కొమ్మలలో డెల్టాకంటె సుమారు 70 రెట్లు వేగముగ పెరుగుచు, ఊపిరితిత్తుల లోపలి కణజాలములో మాత్రము దానికంటె చాల తక్కువగ పెరిగెను. ఊపిరితిత్తులు కొంత తప్పించుకొనుటచేత రోగతీవ్రత తగ్గెను. పై దారులలో దండిగా నుండుటచేత మాటతోను దగ్గుతోను తేలికగా వెలువడెను.

ఇంతటి వేగమును కొలుచుటలో అధికారులు తడబడిన ఘట్టమొకటి కలదు. డిసెంబరు 18తో ముగిసిన వారమున దేశములోని కేసులలో 73 శాతము ఒమిక్రానువే యని అమెరికా ప్రభుత్వపు వ్యాధి నియంత్రణ సంస్థయగు సీడీసీ 20వ తేదీన అంచనా వేసెను. ఆ అంకె పత్రికల మొదటి పుటలకెక్కెను. వారము దాటగానే అదే సంస్థ ఆ అంకెను 22.5 శాతమునకు సవరించి, 25తో ముగిసిన వారమునకు 58.6 శాతముగా చెప్పెను. జన్యుక్రమము చదువబడి కేంద్రమునకు చేరుటకు రెండు మూడు వారములు పట్టును గనుక, తాజా వారమునకు చెప్పునది కొలత గాక గణితముచే లాగిన ఊహ. తమ ఊహ తప్పినదని బాహాటముగా దిద్దుకొనుట శాస్త్రధర్మమే. నేను దానిని మెచ్చుకొందును. కాని ఈ నడిమి దినములలో, 73 శాతమను మాటను నమ్మిన వైద్యులు కొందరు, డెల్టా రోగులకు ఇంకను పనిచేయు యాంటీబాడీ మందులను నిలిపివేయవలెనా యను సంశయమున పడిరి. జనవరి నడుమకు ఆ సంశయమే లేకపోయెను. దాదాపు కేసులన్నియు ఒమిక్రానువే. ఆ నెల 24న రెండు కంపెనీల యాంటీబాడీ మందులు ఈ రూపముపై పనిచేయవని తేల్చి, మందులకు అనుమతులిచ్చు సంస్థయగు ఎఫ్‌డీఏ వాని వాడుకను నిలిపివేసెను.

ఒమిక్రాన్ తేలికపాటి జబ్బు అను మాట ఆ దినములలో ఇంటింట వినబడెను. ఆ మాటను గూర్చి కొంత నిదానముగా ఆలోచింపవలసియున్నది. ఒక రోగము వేయిమందిలో 20 మందిని ఆసుపత్రికి పంపుచుండగా, దాని కొత్త రూపము వేయిమందిలో 8 మందినే పంపినను, రోగుల సంఖ్య ఐదు రెట్లైనప్పుడు ఆసుపత్రికి చేరువారు 40 మంది యగుదురు. ఒక్కొక్కరికి మేలైనది ఊరికి కీడగుట ఇట్లే. అమెరికాలో సరిగా ఇదియే జరిగెను. 2022 జనవరి నడుమ దినమునకు సగటున 8,00,000కు పైగా కేసులు నమోదాయెను. ఇండ్లలో పరీక్షించుకొని ఎవరికిని చెప్పనివారు ఈ లెక్కలో లేరు. ఆసుపత్రులలో ఒక్కసారిగా సుమారు 1,60,000 మంది కోవిడ్ రోగులుండిరి. అంతకుముందెన్నడును అంతమంది లేరు. నర్సులకును వైద్యులకును అదే జబ్బు సోకి ఇండ్లయందు పడియుండుటచేత, మంచము ఖాళీగానున్నను చూచుకొను మనిషి లేకపోయెను. ఫిబ్రవరి మొదటి దినములలో దినమరణముల సగటు 2,500 దాటి, డెల్టా నాటి అత్యధికమును మించెను. టీకా అసలే వేయించుకొననివారును, వృద్ధులును అందు అధికము. ఆనాటికి ఆ సంపన్న దేశమున టీకాలు పూర్తిగా వేయించుకొన్నవారు సుమారు 62 శాతము మాత్రమే యనుట మరువరాదు. తేలిక యను మాట అలవోకగా అన్నవారు ఆ మరణించినవారి ఇండ్లలో దేనికైనను పోయి చూచియుండినచో మరల అనియుండరు.

అమెరికా తెలుగువారికి 2021 డిసెంబరు విశేషముగా బాధాకరమైనది. మే 4 మొదలు నవంబరు 8 వరకు భారతదేశమునుండి వచ్చు ప్రయాణికులలో అధికులకు అమెరికా తలుపులు మూసియుండుటచేత, తల్లిదండ్రులను చూడజాలక, వీసా ముద్రకై ఇండియాకు పోయినచో తిరిగి రాగలమో లేమో తెలియక, ఎందరో అక్కడ ఇక్కడ చిక్కుకొనియుండిరి. తలుపులు తెరచి నెల నిండకముందే, డిసెంబరు 6నుండి విమానమెక్కుటకు ఒక దినము లోపల పరీక్ష చేయించుకొనవలెనను నిబంధన వచ్చెను. హైదరాబాదులోనో విజయవాడలోనో నమూనా ఇచ్చి, ఫలితము చేతికి వచ్చుసరికి విమానము వేళకు అందుకొనుట, నడుమ మరియొక దేశమున విమానము మారుట, ఇదంతయు అరువదియేండ్లు దాటిన తల్లిదండ్రులకు ఎంతటి ప్రయాసయో చెప్పనక్కర లేదు. ఇటు మన రెండు రాష్ట్రములలో డిసెంబరు 12న విజయనగరములో ఐర్లాండునుండి వచ్చిన ప్రయాణికునియందును, 15న హైదరాబాదులో విదేశీ ప్రయాణికులయందును తొలి కేసులు బయటపడెను. క్రిస్మసు దినములలో సిబ్బందికి జబ్బుచేసి అమెరికాలో వేలకొలది విమానములు నిలిచిపోయెను. ఇంటి పరీక్షల కిట్లు దుకాణములలో దొరకలేదు. జనవరి మూడవ వారమునగాని ప్రభుత్వము ఇంటికి నాలుగు కిట్లు పంపు ఏర్పాటు చేయలేదు. కేసులు శిఖరమునకెక్కిన ఆ దినములలోనే సంక్రాంతి వచ్చెను. ఎడిసన్‌లోను డల్లాసులోను ఏటేట హాళ్లలో గొబ్బెమ్మలతో, ముగ్గులపోటీలతో పండుగ చేసికొను మనవారు ఆ యేడు ఎవరింటవారు తలుపులు వేసికొని గడపవలసివచ్చెను. అల తగ్గిన పిమ్మట రక్తపరీక్షలతో లెక్కచూడగా, డిసెంబరులో అమెరికా జనాభాలో 33.5 శాతముగా నుండిన సోకినవారి వంతు ఫిబ్రవరికి 57.7 శాతమాయెను; పదునొకండేండ్లలోపు పిల్లలలో ప్రతి నలుగురిలో ముగ్గురికి సోకియుండెను.

ఈ వృత్తాంతమున ఎక్కువమంది ఎరుగని యొక మంచి ప్రయత్నము కలదు. అది భారతీయ ప్రయాణికులతోనే ఆరంభమాయెను. 2021 సెప్టెంబరు చివర, న్యూయార్కు జేఎఫ్‌కే, న్యూవార్క్, సాన్‌ఫ్రాన్సిస్కో విమానాశ్రయములలో, భారతదేశమునుండి దిగిన ప్రయాణికులను సీడీసీ తరఫున అడిగి, ఇష్టపడినవారి ముక్కునుండి దూదిపుల్లతో నమూనా తీసికొనుట మొదలిడిరి. పేరు చెప్పనక్కర లేదు. ఫలితమువలన ఎవరిని నిలిపివేయుటయు లేదు. ఐదుమందినుండి ఇరువదియైదుమంది వరకు నమూనాలను ఒకటిగా కలిపి పరీక్షించి, వైరస్ కనబడినచో జన్యుక్రమమును చదువుదురు. మనవడిని ఎత్తుకొనుటకు వచ్చుచున్న మన పెద్దలు, ఇరువది గంటల ప్రయాణపు అలసటతో ట్రాలీ పక్కకు నిలిపి ఇచ్చిన నమూనాలు ఇందులో ఎన్నియో యుండియుండును. నవంబరు చివరకు అట్లాంటాను చేర్చి, దక్షిణాఫ్రికా మొదలగు మరికొన్ని దేశముల విమానములకును దానిని విస్తరించిరి. మరుసటి జనవరి వరకు సుమారు 16,000 మంది నమూనాలిచ్చిరి. వానిలోనే ఒమిక్రాన్ ఉపరూపములైన బీఏ.2, బీఏ.3 అమెరికాలో మొట్టమొదట దొరకెను. ఆ బీఏ.2 రూపమే 2022 వసంతమున దేశమంతట ప్రధానమాయెను. తలుపులు మూయుటకంటె తలుపువద్ద అడిగి తెలిసికొనుట మేలను నా అభిప్రాయమునకు ఈ ప్రయత్నమే ఆధారము.

ఈ ప్రయత్నము అటుపిమ్మటను ఉపకరించెను. 2023 ఆగస్టులో బీఏ.2.86 అను మరియొక రూపము, తన పూర్వరూపముతో పోల్చినచో స్పైక్ ప్రొటీన్ మీద 30కి పైగా కొత్త మార్పులతో, డెన్మార్కు, ఇజ్రాయెల్ దేశములలో కనబడినప్పుడు, అమెరికాలో మిచిగన్ విశ్వవిద్యాలయపు లేబొరేటరీయు, జపానునుండి వాషింగ్టన్ డల్లస్ విమానాశ్రయమున దిగిన యొక ప్రయాణికుని నమూనాయు దానిని కొద్ది దినములలోనే పట్టియిచ్చెను. దాని సంతానమైన జేఎన్.1 ఆ శీతకాలమున విజృంభించి, 2024 జనవరికి దేశమున ప్రధాన రూపమాయెను. కాని అప్పటికి గణన యంత్రాంగమునకు సడలింపు వచ్చియుండెను. 2023 మే 11న ప్రజారోగ్య అత్యవసర స్థితి ముగియుటతో దేశవ్యాప్తముగా కేసుల లెక్క నిలిచిపోయెను. 2024 మే 1నుండి ఆసుపత్రులు తమ కోవిడ్ రోగుల సంఖ్యను కేంద్రమునకు తెలుపవలెనను నిబంధనయు తొలగెను. ఆ వేసవిలో కేపీ.3 మొదలగు రూపములతో మరియొక అల వచ్చి పోయెను. నవంబరు 1న నిబంధనను మరల తెచ్చిరి. నడుమ గడచిన ఆరు నెలలకు ఆసుపత్రుల పూర్తి లెక్క దేశమునకు ఇక దక్కదు.